బీడంటే బంజరు కాదు

మేత దొరక్క మా మేనత్త మేకలు రెండు, కంపెనీ తోటలో రాలిన అడవి ఆముదం గింజలు నమిలి, నురగ కక్కుకుని చచ్చిపోయాయి. కంపెనీ కాపలావాడు వాటిని కాళ్లు పట్టి ఈడ్చి, కంచె అవతల పారేసి చేతులు దులుపుకున్నాడు. నా కళ్లతో చూశాను. ఇందులో మొదటి తప్పు నాది కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

రెండేళ్ల కిందట సర్వేయరు వచ్చినప్పుడు కొలత గొలుసు రెండో కొస పట్టుకున్న కూలీని నేనే. "ఇదేం భూమి?" అని అడిగాడు. "బీడండి," అన్నాను. మా వాడుకలో బీడంటే అలసిపోయిన నేల. మూడేళ్లు పండించి, రెండేళ్లు పడుకోనిస్తాం. ఆ రెండేళ్లూ అది గడ్డిస్తుంది, ఆకుకూరలిస్తుంది, తేనె ఇస్తుంది. ఆ పెద్దమనిషి 'బంజరు' అని రాసుకుపోయాడు. పనికిరాని నేల అని చెప్పి సర్కారు దాన్ని కంపెనీకి కట్టబెట్టింది. వాళ్లు తుప్పలన్నీ తగలబెట్టి, బండ్లకు డీజిల్లా పోసే నూనె తీసే అడవి ఆముదం నాటారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేకలు చచ్చిన మర్నాడు రేకుల షెడ్డులో మీటింగు పెట్టాం. కంపెనీ ఆఫీసరు వచ్చాడు.

"ఈ నూనెతో నడిచే బస్సు పొగ తక్కువ వదులుతుంది. లోకానికే మేలు."

మా బస్సు డ్రైవరు లేచాడు. "తక్కువే సార్, కాదనను. మరి తుప్పలు తగలబెట్టిన పొగ సంగతేంటి? వారం రోజులు సూర్యుడు కనపళ్లేదు."

"ఈ మొక్కకి నీళ్లు కూడా అక్కర్లేదమ్మా," అని ఆఫీసరు అత్త వైపు తిరిగాడు.

"బతకడానికి అక్కర్లేదు. కాయలు కాయాలంటే కావాలి. మీ మోటార్లు మా బావిని తాగేశాయి," అంది అత్త. "ఈ మొక్క మాకు కొత్తా నాయనా? గట్టు మీద మేమూ వేస్తాం. మట్టి జారదు, పశువులు చేలో పడవు. గట్టు మీద మంచిదే. చేలోకొచ్చి కూర్చుంటే మేమెక్కడికి పోవాలి?"

"రికార్డులో బంజరని ఉంది. రికార్డు మారితే చూద్దాం." జీపెక్కి వెళ్లిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "సర్వేయరుతో బీడన్నది నేనే అత్తా."

అందరూ నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను.

"నువ్వు సరిగ్గానే అన్నావురా," అంది అత్త. "వాళ్లకి వినడం రాలేదు. వినిపిద్దాం పద."

తెల్లారి నలభై ఇళ్లవాళ్లం నాగళ్లతో, పారలతో ఆ నేలలోకి దిగాం. మొక్కలు పీకి గట్ల మీద నాటాం. మధ్యలో దున్ని జొన్నలు చల్లాం. మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. లాఠీ దెబ్బకి డ్రైవరు చెయ్యి విరిగింది. అత్తని జుట్టు పట్టుకుని జీపు దాకా ఈడ్చారు. ఇన్‌స్పెక్టరు కేసు రాసి వేలిముద్ర వెయ్యమన్నాడు.

"ఏం రాశావో చదువు నాయనా."

విసుక్కుంటూ చదివాడు. "సదరు స్త్రీ ఈ భూమిలో అక్రమంగా సాగు చేయుచుండగా..."

"సాగు అనే రాశావా?"

"అవును. సాగే."

"కింద నీ సంతకం ఉంటుందా?"

"ఉంటుంది."

అత్త పగిలిన పెదవితోనే నవ్వింది. "విన్నావురా? సర్కారే తన చేత్తో సాగని రాసింది. ఇంక బంజరెక్కడిది?"

ఇన్‌స్పెక్టరు కాగితం చింపబోయాడు. అప్పటికే అత్త బొటనవేలు దాని మీద గట్టిగా అదిమింది. మేం జీపు చుట్టూ మూగేసరికి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా పేరూ రాయండి," అన్నాను. "నేనూ సాగు చేశాను." విరిగిన చెయ్యి పట్టుకుని డ్రైవరు నా వెనక నిలబడ్డాడు. అతని వెనక నలభై ఇళ్లూ నిలబడ్డాయి.

"ఇంతమందికి కాగితాలు లేవు," గొణిగాడు కానిస్టేబులు.

"తెప్పించండి," అంది అత్త జీపులోంచి. "మేమెక్కడికీ పోం."