అంగడి నాడు పుట్టినవాడు

నేను ఏ వారం పుట్టానన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అనుమానమే. దానివల్ల చేను ఎండిపోలేదు, ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు. అయినా పోలేదు ఆ అనుమానం.

మేము అవ్వా అని పిలిచే మా అమ్మ రాజవ్వ ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేది, అంగడి నాడు పుట్టిండని. నేను పుట్టింది ఆమె పుట్టింట్లో, కురవి దగ్గరి పల్లెలో. ఆ పల్లెవాళ్లు పోయే అంగడి, అంటే వారపు సంత, ఆదివారం. కాబట్టి నాది ఆదివారమని మా నాయిన లెక్క. మా అక్క సోమక్క మాత్రం ఒప్పుకోలేదు. తమ్ముణ్ని మొదటిసారి చూసిన రోజు అమ్మమ్మ ఇల్లు అలికింది, అమ్మమ్మ గురువారం తప్ప ఏనాడూ ఇల్లు అలికేది కాదు, కాబట్టి గురువారమే అనేది. ఇక బడిలో పెద్దసారు మా తరగతిలో సగం మందికి జూన్ నెలలో ఒకే పుట్టిన తేదీ రాశాడు. ఆ తేదీని ఫోనులో చూసి మా బిడ్డ కల్యాణి శుక్రవారం అని తేల్చింది. అది ఆ సారు పుట్టించిన శుక్రవారం.

పుట్టిన వారం నాడు వెంట్రుకలు తీయించుకోకూడదంటారు మావైపు. మంగళ, శుక్ర, శనివారాల్లో ఎటూ ఎవరూ తీయించుకోరు. సోమవారం నాకు ఒక్కపొద్దు. ఆదివారం నాయిన మాట కోసం, గురువారం అక్క మాట కోసం మానుకున్నాను. మా బచ్చన్నపేటలో క్షౌరం చేసే ఎల్లేశ్ దీన్ని అందరి ముందూ చెప్పి నవ్విస్తాడు.

"ఏడు దినాలల్ల ఐలన్నకు ఒక్క బుధారమే మిగిలింది. ఆ బుధారం నేను సుట్టాలింటికి పోతే ఈయన సాధువైతడు."

నేనూ నవ్వేవాణ్ని. నవ్వలేనిది ఇంకొకటి ఉంది.

అక్క తరువాత అమ్మకు పుట్టినవాళ్లెవరూ నిలవలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు కురవి వీరభద్రస్వామికి మొక్కుకుందట. మగపిల్లవాడు బతికి మీసం మొలిస్తే, వాడు పుట్టిన వారం నాడు వాడి చేత్తోనే నీకు కోరమీసాలు పెట్టిస్తానని. వెండి మీసాలు ఆ స్వామికి చాలామంది పెడతారు. నాకు మీసం రాకముందే అమ్మ పోయింది. వచ్చాక నాయిన ఆదివారం పోదామన్నాడు, అక్క గురువారమని ఏడ్చింది. వారం తప్పితే మొక్కు చెల్లినట్టు కాదని ఊళ్లో పెద్దలు భయపెట్టారు. వారం తేల్చుకొని పోదామనుకున్నాం. తేల్చేవాళ్లు లేరు. అమ్మమ్మ పోయింది, మేనమామ కుటుంబం బతుకుదెరువుకు భివండి పోయి అక్కడే ఉండిపోయింది. తరువాత నాయినా పోయాడు. నా మీసం తెల్లబడింది.

ఆదివారమూ గురువారమూ పోయి రెండుసార్లు పెడితే సరిపోదా అని ఒకసారి అక్కను అడిగాను. దేవుడితో బేరమాడతావా అంది. ఆ దేవుడు వారాన్ని చూస్తాడా, మనసును చూస్తాడా అని నాలో నేను అనుకున్నాను కాని పైకి అనలేదు. అనడానికి అమ్మ మాట అడ్డం.

ఈ చలికాలం భూపాలపల్లి నుంచి మా అల్లుడు భాస్కర్, అంటే అక్క కొడుకు, ఫోను చేశాడు. బొగ్గు బావిలో పని అతనిది. అక్క మంచం దిగడం లేదని, అన్నం ముట్టడం లేదని, మందులు పనిచేయాలంటే తినాలని డాక్టర్లు అంటున్నారని చెప్పాడు. పత్తి ఏరే రోజులు. కూలీలను మా ఆవిడ ఉమారాణికి అప్పగించి, జనగామ వచ్చి బస్సెక్కాను. హనుమకొండలో మారి భూపాలపల్లి చేరేసరికి మోకాళ్లు పట్టేశాయి.

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చోబోయి మానుకుంది. భాస్కర్ భార్య గిన్నెలో జావ తెచ్చింది. అక్క చేత్తో పక్కకు నెట్టింది.

"ఎందుకు తింటలేవే అక్కా?"

"తిని ఏం జెయ్యాలె? పొయ్యేదాన్ని పొయ్యేదే. అక్కడ అవ్వ అడుగుతది, తమ్ముని మొక్కు ఏమైందే అని. ఏం జెప్పాలె?"

"నా మొక్కు గదా, నన్నే అడుగుతది."

"నువ్వు పసిపోరనివి. నాకు జెప్పిపోయింది."

అరవై దగ్గర పడిన నన్ను పసివాడు అనే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఏవేవో పాత సంగతులు మాట్లాడుతూ ఉండగా, ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. తను నన్ను మొదటిసారి చూసిన ఆ పొద్దున అమ్మా నేనూ ఎడ్లబండి మీద అమ్మమ్మ ఇంటికి వచ్చామట. బండి ఆ పల్లె పక్క లంబాడీ తండాలోని దస్రుదట.

ఇంట్లో పుట్టినవాణ్ని బండి మీద ఎందుకు తెస్తారు? ఇది నాకు తట్టింది కాని అక్కకు ఎప్పుడూ తట్టినట్టు లేదు. దస్రు ఉన్నాడో లేడో కనుక్కుని వస్తాను, అప్పటిదాకా జావ తాగాలి అన్నాను. రెండు గుక్కలు తాగింది.

మరునాడు మంగళవారం. వరంగల్ మీదుగా తొర్రూరు, అక్కడినుంచి ఇంకో బస్సు, చివరకు ఆటో. తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. దస్రు ఉన్నాడు. చూపు మందగించింది కాని మాట గట్టిది. కొడుకు రెడ్యా మిరప చేనుకు పోయాడు. మనవరాలు కవిత నర్సింగ్ చదువుతోందట, సెలవుకు వచ్చింది. నేను రాజవ్వ కొడుకునని చెప్పగానే ముసలాయన నా చెయ్యి అందుకుని మొహం దగ్గరకు తెచ్చుకున్నాడు.

"మా గుడిసెల పుట్టిన పోరనివా?"

ఆయనే చెప్పాడు. నిండు నెలలతో అమ్మ చింతపండు అమ్మడానికి అంగడికి పోయిందట. కోడెను అమ్మడానికి ఆయనా పోయాడు. అంగడి విడిచే వేళకు నొప్పులు మొదలైతే బండి ఎక్కించుకున్నాడు. దారిలో వాగు నిండుగా ఉంది. దాటలేక తండాకే తోలుకొచ్చాడు. ఆయన భార్యే పురుడు పోసింది. తెల్లారి వాగు తగ్గాక ఇంటి దగ్గర దించాడు.

"మరి ఆదివారమేనా మామా?"

"ఐతారం ఎందుకైతది?"

"అంగడి ఐతారం గదా."

"గది మొన్నటి ముచ్చట. పక్కూర్ల అంగడి పెద్దగై మనది సాగకపోతే ఐతారానికి మార్చిండ్రు. అప్పటికి నీకు పాలపండ్లు ఊడినయో లేదో. అంతకుముందు మనది బుధారం అంగడి."

బుధవారం. ఎల్లేశ్ నాకు మిగిల్చిన ఒకే ఒక్క దినం. ఇన్నేళ్లూ పుట్టిన వారానికి భయపడి, సరిగ్గా పుట్టిన వారం నాడే తల వంచి కూర్చున్నాను. నవ్వొచ్చింది. అలసట వల్ల అది సగంలోనే ఆగిపోయింది. మరి ఏ కీడూ జరగలేదే అని కూడా అనిపించింది. జరిగిందేమో, అది కీడని నాకు తెలియలేదేమో.

కవిత మధ్యలో అందుకుంది. నానమ్మ చెప్పేదట, బిడ్డ బయటపడేసరికి వేగుచుక్క పొడిచిందని. అంటే అర్ధరాత్రి దాటింది కాబట్టి గురువారం రాసుకోవాలి, దవాఖానలో అలాగే రాస్తారు అంది.

"సూర్యుడు రానిదే దినం ఎట్ల మారుతది బిడ్డా? మీ దవాఖానోళ్లు నిద్రపోరు గనుక వాళ్లకు అట్ల," అన్నాడు దస్రు.

మా పంచాంగం లెక్కా అదే. పొద్దు పొడిచేదాకా నిన్నటి వారమే. అక్కకు ఫోను చేశాను. అంతా చెప్పి, నువ్వన్నది తప్పు కాదు, నువ్వు నన్ను చూసింది గురువారమే, నేను పుట్టింది మాత్రం బుధవారం అన్నాను.

"అవ్వ వాగొడ్డుకు కన్నదా నిన్ను," అంది అక్క. "నాకెవ్వరు జెప్పలే. నేను నిద్రపోయిన."

"చిన్నదానివి గదనే."

"రేపు బుధారమే గదా తమ్మీ. ఇంటికి రాకు. అటే పో."

ఆ పూట దస్రు ఇంట్లోనే జొన్నరొట్టె తిన్నాను. పొద్దున కురవి చేరి స్నానం చేశాను. గుడి దగ్గర దుకాణంలో వెండి మీసాలు కొన్నాను. చాలా పలచనివి, గాలికి వంగేలా ఉన్నాయి. ఇంతకన్నా బరువైనవి చేయించగల రోజులూ మధ్యలో ఉండేవి. అమ్మ ఎంత బరువని మొక్కలేదు.

బుధవారం కావడంతో గుడిలో జనం పలచగా ఉన్నారు. నా ముందు ఒక తల్లి పిల్లవాణ్ని ఎత్తుకుని ఉంది, వాడు గంట అందుకోవాలని ఎగురుతున్నాడు. నా వంతు వచ్చింది. స్వామి ఎర్రటి కళ్లతో చూస్తున్నాడు. ఏ వారమైనా అలాగే చూస్తాడనుకుంటాను. అయ్యగారు పళ్లెం చాపి ఎవరి మొక్కు అని అడిగారు.

"మా అవ్వది. రాజవ్వది," అన్నాను.

పుట్టిన వారమేనా అని ఆయన అడగలేదు. నేనే చెప్పాను. ఆయన తల ఊపి పళ్లెం ఇంకాస్త ముందుకు జరిపారు. మీసాలు నా చేత్తోనే అందులో పెట్టాను.