గోదాం చెప్పిన సాక్ష్యం

ఆ రోజు మేమంతా చూశాం. పట్టపగలు, గోదాం నడిమధ్యన జరిగిన పని అది. నేను చూడలేదు అనే హక్కు మాలో ఒక్కరికీ లేదు.

రెజిమెంటల్ బజారులో ఆర్థర్ సాబ్ గోదాం ఉండేది. ఫౌజుకు ఖాకీ బట్టలు కుట్టించే కాంట్రాక్టు ఆయనది. మగవాళ్ళు మిషన్ల మీద కుట్టేవాళ్ళు. మేం ఆడవాళ్ళం నేల మీద వరసగా కూర్చుని కాజాలు తీసేవాళ్ళం, గుండీలు కుట్టేవాళ్ళం. ఇంగ్లీషువాళ్ళు ఉన్నంతకాలం ఆర్థర్ వాళ్ళ పటాలాలకు కుట్టించాడు. వాళ్ళు పోయాక నిజాం ఫౌజుకు కుట్టించాడు. పోలీస్ యాక్షన్ జరిగి యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన వారానికే, ఖద్దరు టోపీ పెట్టుకుని పూలదండ పట్టుకుని ఆ సైన్యానికి ఎదురెళ్ళాడు. కాంట్రాక్టు మళ్ళీ ఆయనకే వచ్చింది. మా కూలీ మాత్రం నిజాం కాలం నాటిదే.

ఆ రోజు ఫౌజీ అఫ్సరు ఒకడు గోదాం చూడటానికి వచ్చాడు. ఆర్థర్ పక్కనే నడుస్తూ అన్నీ చూపిస్తున్నాడు. అప్పుడు గేటులోంచి సువార్త వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని.

సువార్త ఎవరో గోదాం మొత్తానికి తెలుసు. ఒకప్పుడు నా పక్కన కూర్చుని కాజాలు తీసిన పిల్ల. వాళ్ళ నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే చనిపోయాడు. ఆర్థర్ ఆమెను పనిలోంచి లేపి చిలకలగూడలో ఒక గదిలో పెట్టాడు. "మా అమ్మ ఒప్పుకోదు. ఆమె పోయాక చర్చిలో పెళ్ళి చేసుకుందాం" అన్నాడు. బిడ్డ పుట్టింది. దేవకృప అని ఆయనే పేరు పెట్టాడు. మొన్న వానాకాలంలో ఆ ముసలామె పోయింది. పెళ్ళి చర్చిలోనే జరిగింది. పెళ్ళికూతురు మాత్రం గుంటూరు డాక్టరుగారి అమ్మాయి. చిలకలగూడ గదికి కిరాయి ఆగిపోయింది. ఇంటివాడు సువార్త గిన్నెలు తీసి వీధిలో పెట్టాడు.

దేవకృప ఆర్థర్‌ను చూసింది. చెయ్యి విడిపించుకుని పరుగెత్తి ఆయన కాలిని చుట్టుకుంది.

"నాన్నా!"

అఫ్సరు ఆగి, ఎవరు వీళ్ళు అని అడిగాడు.

"ఎవరో పిచ్చిది సార్. మొన్నటి గడబిడలో ఇట్లాంటి వాళ్ళు చాలామంది వచ్చి పడ్డారు" అని ఆర్థర్ కాలు విదిలించాడు.

పిల్ల వెళ్ళి మిషను ఇనుప కాలు మీద పడింది. నుదురు చిట్లింది. సువార్త కేక పెట్టి బిడ్డను ఎత్తుకుంది. "నన్ను ఎరగవా? దీన్ని ఎరగవా? నా మొహం చూసి చెప్పు!" అంది. ఆర్థర్ మొహం తిప్పుకుని చౌకీదారును పిలిచాడు. వాడు ఆమెను రెక్క పట్టి గేటు బయటికి గుంజుకుపోయాడు.

మిషన్లు ఆగలేదు. ఖాకీ బట్ట మీద నెత్తురు మరక పడిందని కటింగ్ మాస్టరు భద్రయ్య విసుక్కున్నాడు. లేచింది లచ్చమ్మ ఒక్కతే. చేతిలో చొక్కాను నేలకేసి కొట్టి, గేటు దాటి సువార్త వెనక నడిచింది.

లచ్చమ్మది నల్గొండ వైపు పల్లె. దొర గడీలో వెట్టి చేసి, ఒకనాడు ఎదురు తిరిగి, మొగుణ్ణి పోగొట్టుకుని పట్నం చేరిన మనిషి. బోయిగూడలో ఆమెది ఒక్క గది ఇల్లు. సువార్తను, బిడ్డను అక్కడికే తీసుకుపోయింది. పని వదిలాక మేమంతా ఆ ఇంటి ముందు చేరాం. ఓదార్చడానికని వెళ్ళాం గాని, వెళ్ళగానే కొట్లాట షురూ అయింది.

మొదట నోరు విప్పింది కమలాబాయి. "నాలుగేండ్లు రాణి లెక్క కూసున్నది. మనం ఎండల నడుసుకుంట వస్తే ఈమె కిటికీల కెళ్ళి సూసింది. ఇప్పుడు మనం రావాల్నా? మా కూలీ సుత పోతది. ఈమె తక్లీఫ్ ఈమెది."

చాలామంది తలలు ఊపారు. సువార్త ఏడవలేదు.

"నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఇష్టపడే వెళ్ళాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? నాకు మీ జాలి వద్దు. ఆయనా వద్దు. నా బిడ్డ నడివీధిలో పుట్టలేదు. దానికి తండ్రి ఉన్నాడు. ఆ మాట ఆయన చేత నలుగురి ముందు ఒప్పించాలి. అంతే."

"ఎట్ల ఒప్పిస్తవ్? పెద్దోడు ఆయన" అంది కమలాబాయి.

లచ్చమ్మ గడప మీంచి లేచింది. "కమలా, మిషనుకు బట్ట అందిస్తుంటే నీ వేలు అండ్ల వడి తెగినప్పుడు సర్కారీ ఇన్స్‌పెక్టర్ వచ్చిండు. యాదికున్నదా? ఆర్థర్ ఏమన్నడు?"

కమలాబాయి సగం తెగిన వేలును కొంగులో దాచుకుంది.

"చెప్పవే. ఏమన్నడు?"

"ఈమె మా మనిషి కాదు, ఎవరినో కలువనీకి వచ్చిందన్నడు."

"గదీ సంగతి! మనం పని చేస్తే మనల్ని ఎరగడు. బిడ్డను కంటే బిడ్డను ఎరగడు. వానికి పని కావాలె, పక్క కావాలె. జవాబు చెప్పుడు మాత్రం వద్దు. ఇయ్యాల ఈ పిల్లను ఎరగనంటే మనం ఊకుంటే, రేపు మనందర్నీ ఎరగనంటడు. ఇది సువార్త ఒక్కదాని కొట్లాట కాదు."

ఆ మాటకు గొణుగుళ్ళు ఆగాయి. పూర్తిగా ఒప్పుకున్నామని కాదు. కాని ఎవరూ లేచి ఇంటికి పోలేదు.

మర్నాడు వకీలు దగ్గరికి వెళ్ళాం. జైళ్ళలో పడ్డ కార్మికుల కేసులు చూసే ఆయన పేరు బ్రహ్మచారి. బ్రహ్మచారి దగ్గరికి పిల్ల కేసా అని మాలో మేం నవ్వుకుంటే ఆయన కూడా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"పెండ్లి కాకుండ పుట్టిన బిడ్డకైనా తండ్రే తిండి పెట్టాలె. చట్టం గట్లనే ఉన్నది. కాని ఆయనే తండ్రి అని మేజిస్ట్రేటు నమ్మాలె. కాయిదం లేదు, పెండ్లి లేదు. ఉన్నది మీరే. కోర్టుల నిలబడి చూసింది చెప్తరా?"

మేం చూసింది చాలానే ఉంది. తయారైన బట్టల మూటలు ఆదివారం పూట ఆ చిలకలగూడ గదికే మోసుకుపోయేవాళ్ళం. ఆర్థర్ చర్చి నుంచి నేరుగా అక్కడికే వచ్చి, లుంగీ కట్టుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపిస్తూ మూటలు లెక్క చూసుకునేవాడు. పిల్ల పుట్టిన రోజు పురుడు పోసింది లచ్చమ్మే. "మా అమ్మ ముక్కు వచ్చింది" అని ఆయన అన్నప్పుడు నేను వాకిట్లో నీళ్ళు కాస్తున్నాను.

దరఖాస్తు పడ్డది. కోర్టు కాగితం ఆర్థర్‌కు చేరగానే మొదట పాస్టరుగారు వచ్చారు. ఆర్థర్ ఆ చర్చి సంఘంలో పెద్ద. "అమ్మా సువార్తా, పాపం ఇద్దరిదీ. పశ్చాత్తాపపడు. బిడ్డను అనాథాశ్రమంలో చేర్పిస్తాను. నీకు ఆసుపత్రిలో ఆయా పని ఇప్పిస్తాను. కోర్టుకు పోయి సంఘం పరువు తీయొద్దు" అన్నారు.

"తండ్రి బతికుంటే బిడ్డ అనాథ ఎట్లా అవుతుందండీ?" అంది సువార్త. "పాపం ఇద్దరిదీ అన్నారుగా. ఆయన్నీ పశ్చాత్తాపపడమనండి. ఆదివారం, అందరి ముందు."

పాస్టరుగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత భద్రయ్య వంతు. గోదాం మధ్యలో నిలబడి కత్తెర ఆడిస్తూ అరిచాడు. "కోర్టు మెట్లెక్కినోళ్ళు మళ్ళ ఈ గడప తొక్కరు. పేర్లు పోలీసోళ్ళకు పోతయి. కమ్యూనిస్టులని రాస్తరు. జెర సోచాయించుకోండ్రి!"

ఆ రోజుల్లో కమ్యూనిస్టు అన్న ఒక్క మాట చాలు. విచారణ లేకుండా మనిషిని జైల్లో వేసేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు భయపడి సాక్ష్యం చెప్పలేమన్నారు. వాళ్ళను తిట్టొద్దని లచ్చమ్మ అంది. "భయం అందరికున్నది. కలిసి పోతే పంచుకుంటం."

కోర్టులో ఆర్థర్ బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఈమె ఎవరో నాకు తెలియదు. నా దగ్గర ఎన్నడూ పనిచేయలేదు. అసలు నా గోదాంలో ఆడవాళ్ళే పనిచేయరు."

మా మొహాల మీదే అన్నాడు. మేం వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాం, వేళ్ళ నిండా సూది పోట్లతో.

తర్వాత కమలాబాయి బోనెక్కింది. ఆదివారం గది, ఒళ్ళో పిల్ల, అన్నం ముద్దలు, అన్నీ చెప్పింది. ఆర్థర్ తరఫు వకీలు లేచాడు. పెద్ద పేరున్నవాడు, నల్లకోటు తళతళలాడుతోంది.

"నువ్వు పని దొంగవని నా క్లయింటు నిన్ను చాలాసార్లు తిట్టాడు. అవునా?"

"అవు సార్, తిట్టిండు."

"ఆయన గోదాంలో పనిచేస్తూ, ఆయన పెట్టిన తిండి తింటూ, ఆ పగతో ఇప్పుడు అబద్ధం చెప్తున్నావు."

కమలాబాయి తెగిన వేలు పైకెత్తింది. "ఈయన గోదాంల పని చేస్తున్న, నిజమే సార్. మీరే చెప్తిరి. గిదీ ఆడనే వోయింది. రాయించుండ్రి."

బ్రహ్మచారి లేచాడు. "ఆడవాళ్ళే పనిచేయరని ఈయన ప్రమాణం చేసిండు. పనిచేస్తరని ఈయన వకీలే అంటున్నడు. ఏది నిజం రాసుకోవాలె?"

కోర్టంతా ఘొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు బల్ల కొట్టి, రెండూ రాసుకున్నాడు.

ఆర్థర్‌కు కసి పెరిగింది. ఫౌజు బట్టల గడువు దగ్గర పడి మమ్మల్ని పనిలోంచి తీయలేకపోయాడు గాని, తర్వాతి వాయిదాకు కొత్త సాక్షిని ఇచ్చాడు. పేరు భద్రయ్య. సువార్త గదికి తానే పోయేవాణ్ణని, బిడ్డ తనదే కావచ్చునని భద్రయ్య ప్రమాణం చేయబోతున్నాడని బ్రహ్మచారి చెప్పాడు. ఆ మాట విని సువార్త గోడకు తల కొట్టుకుంది. ఆమె కుంగిపోవడం చూసింది ఆ ఒక్కసారే.

లచ్చమ్మ కొంగు బిగించింది. "నడువుండ్రి, భద్రయ్య ఇంటికి."

ఆదివారం పొద్దున మేమంతా చిలకలగూడలో అతని వాకిట్లో నిలబడ్డాం. భార్య కాంతమణి బియ్యం చెరుగుతోంది. పెళ్ళీడుకొచ్చిన కూతుళ్ళు ఇద్దరు గుమ్మంలోకి వచ్చారు. భద్రయ్య లోపలే దాక్కున్నాడు.

"చెల్లె, నీ మొగడు రేపు కోర్టుల ఏం చెప్తడో నీకు ఎరుకేనా?" అని లచ్చమ్మ అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

కాంతమణి చేట కింద పడేసింది. లోపలికి పోయి మొగుణ్ణి చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. "నిజమేనా? నువ్వు ఆ పిల్ల దగ్గరికి వోయినవా?"

"నేను పోలే! సాబ్ చెప్పమన్నడు. చెప్పకపోతే కొలువు తీసేస్తనన్నడు. నేనేం చెయ్యాలె?"

"వాని బిడ్డను నీ నెత్తిన వేసుకుంటవా? మరి నీ బిడ్డలు రేపు ఎట్ల బజార్ల నడవాలె?"

భద్రయ్య కూతుళ్ళ వైపు చూడలేకపోయాడు. లచ్చమ్మ అతణ్ణి తిట్టలేదు. "మాస్టర్, నీ చేతిల కత్తెరున్నా నువ్వు సుత కూలోనివే. వాడు నిన్ను సుత రేపు ఎరగనంటడు" అని చెప్పి, మమ్మల్ని తీసుకుని వెనక్కి తిరిగింది.

వాయిదా రోజు భద్రయ్య బోనెక్కాడు. పెద్ద వకీలు అడిగాడు. "నువ్వు ఈమె గదికి వెళ్ళేవాడివి కదా?"

"పోయిన సార్."

ఆర్థర్ వెనక్కి వాలి కూర్చున్నాడు.

"ఎందుకు వెళ్ళేవాడివి?"

కాంతమణి మా మధ్యన నిలబడి ఉంది. భద్రయ్య ఆమె వైపు చూశాడు.

"బియ్యం, పాలు ఇయ్యనీకి పోయిన. సాబ్ పంపిండు. పిల్లకు జరమొస్తే దవాఖానకు సుత సాబ్ చెప్తేనే తోలుకపోయిన. బిడ్డ సాబ్‌దే. నన్ను అబద్ధం చెప్పమన్నడు. నాకూ బిడ్డలున్నరు సార్, నేను చెప్పలేను."

ఆర్థర్ లేచి "నమక్ హరామ్!" అని అరిచాడు. మేజిస్ట్రేటు ఆయన్ను కూర్చోబెట్టాడు.

తీర్పు వచ్చింది. దేవకృప తండ్రి ఆర్థర్ అని, ఆ బిడ్డ పోషణ ఆయనే భరించాలని మేజిస్ట్రేటు చదివాడు. సువార్త బిడ్డను ఎత్తుకుని ఆ మాట మళ్ళీ చదవమని అడిగింది. ఆయన చిరాకుపడ్డాడు గాని మళ్ళీ చదివాడు.

మేం సంబరపడుతూ బయటికి వస్తే మెట్ల మీద పోలీసులు ఉన్నారు. లచ్చమ్మను పట్టుకున్నారు. నల్గొండ కమ్యూనిస్టులకు అన్నం పెట్టిందట, గోదాంలో తిరుగుబాటు లేపిందట. వారెంటు చూపమని బ్రహ్మచారి అడ్డం పడితే ఆయన్ను నెట్టేశారు. వ్యాను తలుపు మూసేలోగా లచ్చమ్మ కేక వేసింది.

"ఏడుసుకుంట ఇండ్లకు పోకుండ్రి! పని బందు పెట్టుండ్రి!"

మర్నాడు పొద్దున గోదాం గేటు ముందు అందరికన్నా ముందు బైఠాయించింది సువార్త. ఆమె పక్కన కమలాబాయి. తర్వాత మేమంతా. మిషన్ల మీది మగవాళ్ళు కాసేపు తటపటాయించారు. భద్రయ్య వచ్చి మా వెనక కూర్చున్నాక వాళ్ళూ కూర్చున్నారు. ఫౌజు లారీ వచ్చి, ఖాళీగా నిలబడి, ఖాళీగా పోయింది. లచ్చమ్మను వదలాలని, మా అందరి పేర్లూ పనివాళ్ళుగా ఎక్కించాలని గొంతులు పోయేదాకా అరిచాం. సాయంత్రానికి పోలీసులు లాఠీలతో వచ్చారు. కమలాబాయి భుజం వాచింది, నా మోచెయ్యి పగిలింది. మళ్ళీ తెల్లారి అక్కడే కూర్చున్నాం.

లచ్చమ్మను వాళ్ళు వదల్లేదు. మేమూ గేటు వదల్లేదు.

అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం, పక్క వీధి బీడీ కార్ఖానా నుంచి ఒక పిల్ల వచ్చింది. నెలల బిడ్డను కొంగు చాటున పెట్టుకుంది. ఎండలో నిలబడి చాలాసేపు మమ్మల్నే చూసి, చివరకు దగ్గరికొచ్చి గొణిగింది.

"ఈడ సువార్త అంటే ఎవరు?"

సువార్త జరిగి చాప మీద చోటిచ్చింది.

"నేనే. ముందు కూర్చో. నీ పేరు చెప్పు" అంది. "ఈ బిడ్డ తండ్రి పేరు కూడా చెప్పు. గట్టిగా చెప్పు, వీళ్ళందరూ వినాలి."