నీటిచుక్క చప్పుడు

కాదమ్మాయ్, అక్కణ్ణుంచి కాదు. నర్సమ్మ ఇంటి వసారా దగ్గర్నుంచి రాసుకో. మీ చిన్నతాత అప్పటికే సైకిలు దిగి సామాను విప్పుతున్నాడు.

ఆయన దుకాణమంతా ఆ సైకిలు మీదే ఉండేది. వెనక చేతి కుట్టుమిషను పెట్టె, పక్కన పాత కంబళి చుట్టి తాడుతో బిగించిన చెక్క, హ్యాండిలుకి వేలాడే బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఎవరింటి ముందు ఆగితే వాళ్ళనే రెండు పీటలు అడిగి, వాటి మీద చెక్క పరిచేవాడు. సగం కుట్టే బల్ల, సగం ఇస్త్రీ బల్ల. పొద్దున పాతబట్టలిస్తే సాయంత్రానికి బొంత చేతిలో పెట్టేవాడు. పొట్టిమనిషి. కళ్ళద్దాలకి ఒకవైపు దారమే కాడ. ఎడమ చూపుడువేలు సూదిపోట్లకి మొద్దుబారి జల్లెడలా ఉండేది. వీధుల్లో అందరికీ బొంత మామ.

కుట్టు కుట్టుకీ ఇస్త్రీ పడాలని ఆయన పట్టు. అణచకుండా వదిలేస్తే బొంతకి కడుపుబ్బరం వస్తుందనేవాడు. పెట్టె వేడి చూడ్డానికి తల ఎత్తేవాడు కాదు. కళ్ళు సూది మీద, చెవి ఇస్త్రీపెట్టె మీద. తడివేళ్ళతో చుక్క చిమ్మితే, టప్‌మంటే నూలుకి సరిపోయే వేడి, సుయ్‌మని సాగితే నైలానుకి. నలభై ఏళ్ళు ఆ చప్పుడుతోనే నెట్టుకొచ్చాడు.

అది సరిగ్గా వినబడటం మానేసి రెండేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరేమడిగినా నవ్వి తలూపేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది సరిపోయేది. లోకంలో చాలా మాటలకి అంతకంటే అక్కర్లేదు కూడా. కనిపెట్టింది కూతురే, అదే, మీ అత్త. "చెవులు పోయాయి నాన్నా. ఎవరి బట్టలో కాల్చి మాటపడతావు," అని చెవి దగ్గర అరిచి చెప్పింది. "నా చెవుల సంగతి నాకు తెలుసు. నువ్వు నోరు మూసుకుని కూర్చో," అన్నాడు, అల్లుడి ముందు, ఇంటికొచ్చిన చుట్టాల ముందు. ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ రోజు నర్సమ్మ ఓ మూట తెచ్చి విప్పింది. అన్నీ చిన్న చిన్న గౌన్లు.

"మా పిల్ల చిన్నప్పటివి మామా. దాని బిడ్డని సాయంత్రం ఆసుపత్రినుంచి తెస్తున్నాం. వీటి మీదే పడుకోబెట్టాలి."

పసుపుపచ్చ నైలాను గౌను తీసి, బడికి మొదటిరోజు వేసుకున్నదని చెబుతూ, బల్ల నడిమధ్య పెట్టి వేలితో కొట్టి చూపించింది. అది ఆయనకి బాగానే అర్థమైంది.

మధ్యాహ్నానికి ఆ ముక్క వంతు వచ్చింది. చుక్క చిమ్మాడు. ఏమీ వినబడలేదు. పెట్టె చల్లారిందనుకుని బొగ్గులు విసిరి రాజేశాడు. మళ్ళీ చిమ్మాడు. ఏమీ లేదు. ఇంకాస్త రాజేసి, పెట్టె ఎత్తి గుడ్డ మీద పెట్టాడు. పసుపు గుడ్డ పాలమీది మీగడలా ముడుచుకుని ఇనుముకి అంటుకుంది. వాసన వచ్చాకగానీ తెలియలేదు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఆ గుడ్డని జేబులో కుక్కుకుని, భుజం మీది తుండులోంచి బెత్తెడు ముక్క కత్తిరించి నడిమధ్య వేసి కుట్టాడు. కుట్టు ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది. దాన్ని చూస్తే ఆయనకే అసహ్యం వేసింది.

నర్సమ్మ టీ తెచ్చింది. "పసుపు గౌను ఏది మామా?" అంది. నవ్వి తలూపాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ తలూపాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, ఆయన వెనక్కి వెళ్ళి గట్టిగా ఒకసారి చప్పట్లు చరిచింది. ఆయన దారం తుంచుకుంటూనే ఉన్నాడు. అంతలో ఎందుకో తిరిగి చూశాడు. ఆమె రెండు అరచేతులూ ఇంకా కలిసే ఉన్నాయి.

జేబులోంచి గుడ్డ తీసి ఆమె ముందు పెట్టాడు.

"కాల్చేశానమ్మా. పైగా దాచాను."

ఆమె తన చెవి చూపించి, ఎన్నాళ్ళని చేత్తో అడిగింది. రెండువేళ్ళు చూపించాడు.

"నా కూతురు ముందే చెప్పింది. నలుగురిలో దాని నోరు మూయించాను," అన్నాడు, అడక్కుండానే.

ఆమె తిట్టలేదు. గౌను తిరగేసి, అంచులో కాలని చోటు చూపించి, తుండుముక్క విప్పి అది వెయ్యమని సైగ చేసింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆయన చుక్క చిమ్మినప్పుడల్లా ఆమె విని మోకాలి మీద తట్టేది. నూలు వేడికి ఒకసారి, నైలానుకి రెండుసార్లు. బిడ్డ ఇంటికొచ్చే పూట పనులన్నీ మానుకుని నర్సమ్మ తనకి చెవిగా కూర్చోవడం కంటే, నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. పొద్దువాలేదాకా తల ఎత్తలేదు.

"మరి నాకు కూలి ఎంతిస్తావు మామా?" అందామె చివర్లో. ఆయన నవ్వి తలూపాడు. ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

ఇంటికొచ్చి, కూతురి ఊరికి బస్సు ఎన్నింటికని నన్నడిగాడు. రేపు వెళతానన్నాడు. మర్నాడు కూడా రేపేనన్నాడు. వెళ్ళి ఏ మొహంతో నిలబడాలో తెలియలేదు. పదకొండో రోజు పొద్దున, సూదిలోకి దారం ఎక్కిస్తూ మిషను పెట్టె మీదికి తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు. చూడ్డానికొచ్చిన నర్సమ్మ ఇదంతా నాకు చెప్పింది.

ఇది మీ అత్తకి చదివి వినిపించమ్మా. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని నిదానంగా చదువు. ఆ గొడవ తర్వాత, వినబడేందుకు పెట్టుకోమని తను పోస్టులో పంపిన చెవి మిషను నాన్న విసిరికొట్టాడనుకుంటోంది. విసిరికొట్టలేదని చెప్పు. కుట్టుమిషను పెట్టె అడుగున దారపుండల కింద, దూది పెట్టి కుట్టిన చిన్న సంచిలో ఉంది. చెవిలో దూర్చే కొసకి కాస్త గులిమి అంటుకుని.