పూతకాలంలో మూసిన వేదిక

తిరుచానూరులో పెళ్లి భోజనాల పంక్తి. పక్క ఆకు ముందు కూర్చున్న పెద్దమనిషి మాట కలిపి, "మామిడి సైటా! అది పంకజాక్షక్కది గదా? నువ్వూ దాంట్లో పనిజేస్తావా అప్పా?" అని అడిగాడు.

మునిశేఖర్ నవ్వాడు. పెరుగు రాకముందే ఆకు మడిచి లేచాడు.

ఆ వెబ్‌సైటు కట్టింది అతను. మామిడి రైతులు కష్టసుఖాలు రాసుకునేందుకు అందులో చర్చావేదిక పెట్టిందీ అతనే. ఏ తెగులుకు ఏ మందో అతను రాస్తే తప్పు ఉండేది కాదు. వడమాలపేట మామిడి రైతు పంకజాక్షి రాస్తే ఉండేది. "నిన్న నేను జెప్పింది తప్పు నాయనా, తిట్టుకోండి" అని మర్నాడు ఆమే రాసేది. తెలియనిది నలుగురినీ అడిగేది. కాయ రాలిందని ఎవరైనా వాపోతే ముందు "అన్నం తిన్నావా?" అనేది. ఆమె మాట కింద జనం మూగేవారు. అతని జవాబు కింద ఒకరిద్దరు దండం బొమ్మ పెట్టి పోయేవారు.

అసూయ తన అసలు పేరుతో మన ఇంటికి రాదు. ఖర్చులనో, క్రమశిక్షణనో చెప్పుకొని లోపలికి వస్తుంది.

"ఊరికే వచ్చేదానికి విలువ లేదు. ఇంక చందా కట్టినోళ్లకే వేదిక" అన్నాడు భార్య మోహనతో.

"ప్రకటనలతో ఖర్చు గడస్తానే ఉండాది గదా. పంకజాక్షక్క కడతాదా?"

"ఇప్పుడు ఆమె మాట ఎందుకు?"

"నేనూ అదే అడగతా ఉండా" అంది మోహన, అతని ముఖంలోకి చూస్తూ.

పంకజాక్షి కట్టలేదు. "మాట్లాడేదానికి టికెట్టు కొనేంత గొప్ప గొంతు కాదప్పా నాది" అని రాసి వెళ్లిపోయింది. వేదిక సద్దుమణిగింది. మిగిలిన కొద్దిమంది అతణ్ణి సార్ అన్నారు. ఆమె పేరు లేని తెరను చూస్తూ పొద్దున్నే హాయిగా కాఫీ తాగేవాడు. తాగుతూనే, ఆమె ఇంకెక్కడైనా రాస్తోందేమోనని వెతికేవాడు.

మామిడికి పూత వచ్చింది. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కనబడితే చుట్టుపక్కల తోటలన్నీ ఒకే పొద్దున మందు కొట్టాలి. ఒక్క తోట వదిలేసినా పురుగు అక్కడ తలదాచుకుని మళ్లీ వస్తుంది. ఎప్పటిలాగే మునిశేఖర్ వేదికలో తేదీ రాశాడు. చందాదారులు చదివారు. మునిశేఖర్‌కూ మామిడి తోట ఉంది. దాని గట్టు పక్క తోట కుప్పయ్యది. ఆయన చందాదారుడు కాదు.

కొన్నాళ్లకే మునిశేఖర్ తోటలో పూత నల్లబడి రాలసాగింది. కోపంగా గట్టు దాటాడు.

"మందు కొట్టకుండా నా తోట నాశనం జేసినావు గదప్పా!"

"నాది మాత్రం నిలిచిందా?" అన్నాడు కుప్పయ్య. "తేదీ నాకెవురు జెప్పినారు శేఖరా? ముందైతే పంకజాక్షమ్మ పేరుపేరునా పిలిచేది. ఇప్పుడు నీ సైటు తెరిస్తే దుడ్డు అడగతాది. మందు కొట్టేనాడు నన్ను సూస్తివి గదా, ఒక కేక ఏసుంటే సాలదా?"

ఆ పొద్దున మునిశేఖర్ నిజంగానే కేక వేయబోయాడు. పంకజాక్షి జవాబులకు అందరికంటే ముందు మెచ్చుకోలు రాసేది ఈ కుప్పయ్యేనని గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు. తన తోటను తిన్నదేమిటో అతనికి ఇప్పుడు తెలిసింది.

"పురుక్కి గట్టు తెలీదప్పా" అన్నాడు కుప్పయ్య మెల్లగా. "అందరికీ తెలియాల్సిన మాటకు గేటు పెడితే లోపలుండే వాడూ మిగల్డు."

అక్కడే నిలబడి మునిశేఖర్ ఫోన్‌లో వేదికను అందరికీ తెరిచాడు. తర్వాత పంకజాక్షికి ఫోన్ చేశాడు.

"ఖర్చు కోసరం గాదక్కా. నిన్ను సూసి ఓర్వలేక మూసినాను."

"వెనకొచ్చే పూత ఇంకా ఉండాది" అంది పంకజాక్షి. "తేదీ రాయి. అందర్నీ నేను పిలస్తా."

ఆమె పిలిస్తేనే జనం వస్తారన్న తలపు అతణ్ణి మళ్లీ ముల్లులా గుచ్చింది. అయినా తేదీ రాశాడు. అసూయ మనసులో పుట్టడాన్ని మనం ఆపలేకపోవచ్చు. పదిమంది బతుకు మీద దానికి పెత్తనం ఇవ్వకుండా ఉండగలం.