తెల్ల అట్ట ఫైలు

బావ శవం ఇంకా వాకిట్లో ఉండగానే వచ్చారు ఇద్దరూ. ఒకడు పాలకపక్షం నాయకుడు. కరెంటు స్తంభం ఎదురైనా చేతులు జోడిస్తాడని మా ఆఫీసులో ఆయన్ని దండాలాయన అంటాం. రెండోవాడు ప్రతిపక్ష నాయకుడు. మైకు ఉన్నా లేకపోయినా ఒకటే అరుపు, అందుకని గర్జన. నేను పురపాలక సభలో గుమాస్తాని. పదకొండేళ్లుగా వీళ్ల తీర్మానాలు టైపు చేసి చేసి నా వేళ్లు అరిగిపోయాయి.

బావ ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం వానలో నడిచి వస్తున్నాడు. నీళ్లు నిండిపోయి రోడ్డేదో కాలువేదో తెలియలేదు. మూత లేని ఆ కాలువ మనిషిని మింగేసింది. మూతలు వేయించండని మా వీధివాళ్లు ఆరేళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

"ఈ విషయంలో పార్టీలు లేవమ్మా. మేమిద్దరం కలిసి చేయిస్తాం," అన్నాడు దండాలాయన మా అక్కతో.

అక్క ఏడుపు ఆపింది. "నోటిమాట వద్దయ్యా. కాగితం రాసివ్వండి," అంది.

వీధి వీధంతా చూస్తోంది. కాదనలేకపోయారు. మా అక్క కూతురి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి నేనే రాశాను. మూతల పనికి ఉమ్మడి తీర్మానం చేస్తామని దండాలాయన చెప్పాడు. గర్జన ఊరుకుంటాడా? జనం వైపు తిరిగి, "పని పూర్తయ్యేదాకా ఆఫీసు గదిలో కూర్చోను! ప్రభుత్వ కారెక్కను! నడిచే తిరుగుతాను! అది కూడా రాయమ్మా!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లన్నీ ఎదుటివాడికే పోతున్నాయని దండాలాయనకి కడుపు మండింది. "నేనూ అంతే. ఇద్దరం అని రాయి," అన్నాడు. సంతకాలు చేసి, ఒకర్నొకరు కావలించుకున్నారు. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా?

మా సభలో ఇద్దరి బలమూ సమానం. ఒకరు అడ్డుపడితే ఏదీ కదలదు. పాలకపక్షం తెచ్చిన తీర్మానానికి గోధుమ రంగు అట్ట, ప్రతిపక్షం తెచ్చినదానికి బూడిద రంగు అట్ట వేస్తాం. ఇద్దరు నాయకులూ కలిసి సంతకం చేస్తే తెల్ల అట్ట. దానిమీద చర్చ ఉండదు, బల్లలు చరిచి ఆమోదించడమే. నా సర్వీసులో తెల్ల అట్ట పడింది ఒక్కదానికే, ఏటా వచ్చే 'సభ్యుల సౌకర్యాలు'కి. లోపల ఏముందో ఎవరూ చదవరు. అట్ట రంగు చూసి చెయ్యెత్తుతారు.

చలికాలమంతా నాన్చాక జరిగిన మొదటి సమావేశంలో దండాలాయన మూతల తీర్మానాన్ని తనొక్కడి పేరు మీదే తెచ్చాడు. గోధుమ రంగు కనబడగానే గర్జన మనుషులంతా లేచి అడ్డం పడ్డారు. రెండో సమావేశంలో గర్జన తెచ్చాడు. అదే తీర్మానం, అవే మాటలు, కామా కూడా మారలేదు. ఈసారి దండాలాయన లేచి, "ఇంత బాధ్యత లేని తీర్మానం నా జన్మలో చూడలేదు," అన్నాడు, నెల క్రితం తను చదివిన కాగితాన్నే! ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు. గదులూ వదల్లేదు, కార్లూ దిగలేదు.

మెట్ల దగ్గర గర్జనని ఆపాను. "అయ్యా, మా అక్కకి రాసిచ్చారు కదా?"

"సానుభూతి వేరు, రాజకీయం వేరమ్మా. ఇన్నేళ్ల నుంచి ఇక్కడే ఉన్నావు, నీకు తెలీదూ?" అని నవ్వి కారెక్కాడు.

ఆ నవ్వుకి నా ఒళ్లు భగ్గుమంది. మళ్లీ వానలకి ఇంకా మూడు నెలలే ఉంది. అక్క కూతురు రోజూ ఆ కాలువ పక్క నుంచే బడికెళుతుంది. మూతలు పడితీరాలి. కానీ అదొక్కటే చాలదనిపించింది నాకు. వీళ్లు ఏడవాలి, అందరూ చూస్తుండగా ఏడవాలి.

ఇంటికెళ్లి అక్క దగ్గర ఆ కాగితం తీసుకున్నాను.

మూడో సమావేశంలో సభ్యుల సౌకర్యాలు ఉన్నాయి. వాళ్లు రాసిచ్చినదాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి, అసలు కాగితం జతచేసి, తెల్ల అట్ట వేసి, సౌకర్యాల ఫైలు వెనకే పెట్టాను. పెద్ద గుమాస్తా కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ఏంటమ్మాయ్ ఇది?"

"ఉమ్మడి తీర్మానం సార్. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి."

"వాళ్లకి తెలుసా?"

"వారం ముందే అందరికీ నకళ్లు పంపాను సార్. నిబంధన ప్రకారమే."

"చదివే అలవాటే ఉంటే ఊరు ఇలా ఎందుకుంటుందిలే," అని ముద్ర కొట్టాడు.

సభలో మొదటి తెల్ల అట్టకి బల్లలు మోగాయి. రెండోది చూసి మరేదో సౌకర్యం అనుకున్నారు కాబోలు, ఇంకా గట్టిగా మోగాయి. గర్జన అయితే రెండు చేతులా చరిచాడు. అందరి చేతా వరసగా సంతకాలు పెట్టించుకున్నాను.

తీర్మానం ప్రకారం మర్నాడు కార్ల షెడ్డుకి తాళం, ఇద్దరి గదులకీ తాళం. పదింటికల్లా ఇద్దరూ నా బల్ల ముందున్నారు.

"ఇది కుట్ర!" అన్నాడు గర్జన.

"అక్షరం కూడా నాది కాదండి. మీరు చెప్పిందే."

"రద్దు చేయాలంటే ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు దండాలాయన, గొంతులో తేనె పోసుకుని.

"చదవకుండా సంతకం చేశాం, ఇచ్చిన మాట మాకొద్దు అని ఇద్దరూ రాసివ్వాలండి." ఆ కాగితం ముందే టైపు చేసి పెట్టుకున్నాను. పెన్నుతో సహా ముందుకు జరిపాను.

"ముందు ఆయన్ని పెట్టమను," అన్నాడు గర్జన.

"అబ్బే, పెద్దవారు, వారే ముందు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొదటి సంతకం పడగానే రెండోవాడు పెన్ను కింద పెట్టేసి, ఆ కాగితాన్ని ఊరంతా అంటిస్తాడు. శవం ముందు ఇచ్చిన మాట తప్పినవాడు అని పెద్దక్షరాలతో మరీ. ఎదుటివాడి చోట తనుంటే ఏం చేసేవాడో ఇద్దరికీ బాగా తెలుసు.

"చెరొక కాగితం ఇస్తాను, ఒకేసారి పెట్టండి," అన్నాను, పుండు మీద కారం చల్లుతూ. రెండు కాగితాలూ ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద ఇంకో గంట కొట్టుకున్నారు. భోజనాల బెల్లు మోగింది. సంతకాలు పడలేదు.

వాళ్ల ఇళ్లకి దారి మా వీధిలోంచే. నేనూ వెనకే వెళ్లాను. ఎండ పెటపెటలాడుతోంది. ఒకరి వెనక ఒకరు, కాలువ అంచున, కాళ్ల కింద చూసుకుంటూ నడుస్తున్నారు. జనం అరుగుల మీదకొచ్చి నిలబడ్డారు. ఎవరూ పలకరించలేదు. అక్క గుమ్మంలోంచి ఒక్క మాటే అంది.

"చూసుకుని నడవండయ్యా. మీకైతే కాలువ కనబడుతోంది కదా."

మూతల పని ఆ వారమే మొదలైంది. ఇద్దరూ పోటీలు పడి కూలీల్ని తొందరపెట్టారు. అయినా నలభై రోజులు పట్టింది. నలభై రోజులూ, పూటకోసారి, తేలు కుట్టిన దొంగల్లా మా అక్క ముందు నుంచే నడిచారు. నాకు ఒక్కరోజు కూడా జాలి వేయలేదు.