ఊదా అంచు, ఆకుపచ్చ అంచు

లెన్సులావిడ పొద్దున్నే కొట్టు షట్టరెత్తి, బల్ల తుడిచి, గోడకి అతికించిన పెద్ద తెల్లకాగితం మీద దుమ్ము దులుపుతుంది. కాగితం నిండా నల్లగీతలు. ఎవరు ఏ కెమెరా లెన్సు బాగుచెయ్యమని తెచ్చినా ముందు దాంతో ఆ గీతల్ని ఫొటో తీసి చూడాల్సిందే. నడిమధ్యలో గీత నల్లగానే వస్తుంది, అక్కడ లెన్సులన్నీ బుద్ధిమంతులే. వాటి బండారం బయటపడేది మూలల్లో. జబ్బు లెన్సయితే మూలనున్న గీతకి ఓ పక్క ఊదా రంగు, ఇంకో పక్క ఆకుపచ్చ పులుముకుని వస్తాయి.

ఆవిడకీ అలాంటి అంచే ఉండేది. భర్త పోయిన దగ్గర్నుంచి ఎడమ భుజం వెంట ఊదా, కుడి భుజం వెంట ఆకుపచ్చ. ఆ వీధిలో అదేం వింత కాదు. మనిషి పోయిన ఇంట్లోవాళ్లకి అంచు పడుతుంది, ఏడ్చి ఏడ్చి కొన్నాళ్లకి పోతుంది, జలుబు చేసి తగ్గినట్టు. ఈవిడకి మాత్రం ఏడుపే రాలేదు.

"ఏమ్మా, అంచు ఇంకా తగ్గలేదా?" అని ఎదురుకొట్టు దర్జీ టీ తాగుతూ అడిగేవాడు.

"లేదండీ."

"మా బావమరిదికీ ఇంతేనమ్మా. ఏ చొక్కా కుట్టినా వాడి అంచుకి నప్పేది కాదు, నా ప్రాణం తీశాడు!"

నవ్వాలి కాబట్టి ఆవిడ నవ్వేది. బాధగా ఉందా అంటే అదీ లేదు. వండేది, తినేది, కూతురు బుల్లికి జడలేసి వెనకసందులోని బడిలో దింపేది, కొట్టు తెరిచేది. లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే.

ఒకసారి బడి టీచరమ్మ పిలిచి, "మీ పాపకి కూడా అంచు పడిందమ్మా, చూసుకున్నారా?" అంది. ఆ సాయంత్రం ఆవిడ బుల్లిని కొట్లో తన పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టుకుని, లెన్సుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ లేదు. మర్నాడు బుల్లిని దింపుతూ పిల్ల ముందే టీచరమ్మతో, "నేను చూశానండీ, శుభ్రంగా ఉంది" అని చెప్పొచ్చింది. కళ్లతో బతికే మనిషాయె, ఇంకొకళ్ల కళ్లని నమ్ముతుందా?

ఇలా ఉండగా ఊళ్లోంచి అక్క వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర తల్లి పక్కన ఒదిగి కూర్చున్న బుల్లిని చూసి, పిల్ల చెయ్యి కడుక్కోడానికి లేవగానే చెల్లెలి భుజం మీది అంచు వంక చూస్తూ గొంతు తగ్గించింది.

"దాన్ని నాతో పంపించవే. బంగారంలా ఉంది, మచ్చుకైనా అంచు లేదు. నీతో ఉంటే రేపు దానికీ అంటుకుంటుంది. మా పిల్లల్తో పాటే పెరుగుతుంది, అక్కడే చదువుకుంటుంది."

"సరే" అంది ఆవిడ.

ఎన్నాళ్లని అడగలేదు, మళ్లీ ఎప్పుడు తీసుకొస్తావనీ అడగలేదు. కన్నకూతుర్ని ఇంకో ఇంటికి ఇచ్చెయ్యడానికి ఆ ఒక్క ముక్క సరిపోయింది. తల్లి మనసు కలుక్కుమనాలి కదా? అనలేదు.

మర్నాడు పొద్దున అక్క రోడ్డుకి అటుపక్క కారు పెట్టి సామాను సర్దుతోంది. కొట్లో ఆవిడ ఓ లెన్సుకి ఆఖరి చెయ్యి వేస్తోంది. లోపల రెండు గాజుల్ని అతికించిన జిగురు విడిపోతే కొత్తగా అతికించి ఆరబెట్టిన లెన్సు. బుల్లి తల్లి మోచేతికి ఆనుకుని నుంచుంది.

"అమ్మా, రెండు గాజులెందుకు? ఒకటి చాలదా?"

"ఒక్కటే ఉంటే రంగులు చీలిపోతాయి. రెండోది వాటిని మళ్లీ లాక్కొచ్చి కలుపుతుంది."

"జిగురు ఊడిపోతే?"

"ఫొటోలో అంచు పడుతుంది."

పెద్దమ్మ కేక వెయ్యగానే బుల్లి సంచీ భుజాన తగిలించుకుని రోడ్డు దాటింది. ఏడవలేదు, వెనక్కి చూడలేదు.

"ఒసే, కెమెరా కొట్లోనే ఉందిగా, మా ఇద్దర్నీ ఓ ఫొటో తియ్యి!" అని అరిచింది అక్క.

ఆవిడ బాగుచేసిన లెన్సుని కెమెరాకి బిగించి గుమ్మంలోంచి చూసింది. నడిమధ్య కారు, పక్కన అక్క, ఓ మూలకి బుల్లి. బుల్లి ఎడమ పక్క ఊదా, కుడి పక్క ఆకుపచ్చ. చీర అంచంత వెడల్పు.

'జిగురు సరిగ్గా పట్టినట్టు లేదు' అనుకుని విసుక్కుంది. చేతులు వాటి అలవాటు ప్రకారం కెమెరాని తిప్పి బుల్లిని నడిమధ్యకి తెచ్చాయి. లెన్సు తప్పయితే అక్కడ అంచు పోవాలి. పోలేదు. ఎదుటి మూలకి పెట్టింది. రంగులు అటుది ఇటు, ఇటుది అటు మారాలి. మారలేదు. అక్కని అదే మూలకి తెచ్చి చూస్తే అద్దంలా ఉంది.

ఆవిడ కెమెరా దించింది. ఉత్త కళ్లకీ కనిపిస్తోంది.

"బుల్లీ, ఇలా రా."

పిల్ల రోడ్డు దాటి వస్తుంటే అంచు సన్నబడుతూ వచ్చింది. గుమ్మం ఎక్కేసరికి లేదు. ఆవిడ తన భుజం వంక చూసుకుంది. అక్కడా లేదు.

పని నేర్చిన మనిషి కదా, ఇంకోసారి సరిచూసుకోవాలనిపించింది.

"మళ్లీ కారు దగ్గరికి వెళ్లి నుంచో" అంది. బుల్లి బుద్ధిగా వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగింది. పిల్ల భుజం మీద ఊదా రంగు సన్నగా మొలిచింది.

"వద్దు! వద్దమ్మా, వెళ్లకు."

రెక్క పట్టుకుని లాక్కుంది.

"ఇది నీకు తెలుసా?"

"ఊఁ. నీ దగ్గరికొస్తే పోతుంది. నీది కూడా పోతుంది. అందుకే బడి వదలగానే పరిగెత్తుకొస్తా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చూశానన్నావుగా" అంది బుల్లి.

అప్పుడు కలుక్కుమంది. ఇన్నాళ్లదీ కలిపి ఒక్కసారే వచ్చింది, ఆవిడ గుమ్మంలోనే కూలబడి పిల్ల మెడ చుట్టూ చేతులేసి బావురుమంది. ఎదురుకొట్టు దర్జీ మిషను ఆపి లేచి నిలబడ్డాడు.

"ఏమైందే? లెన్సు పాడైందా?" అంటూ అక్క పరిగెత్తుకొచ్చింది.

"లెన్సు బాగానే ఉందక్కా" అంది ఆవిడ వెక్కుతూ. "కార్లోంచి దాని బట్టల పెట్టె దింపు."