టైలు వెనక ఖాళీ

ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేశాను. నా పనేమిటో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. లేవలేని వాళ్ళకి మంచం మీదే ఒళ్ళు కడగడం. రెండు బేసిన్లు, నాలుగు గుడ్డలు, ఒక సబ్బు. మొహం ముందు, పాదాలు చివర. మిగతా ఆయాలు మనిషికి ఇరవై నిమిషాలు తీసుకుంటే నేను పన్నెండులో తేల్చేసేదాన్ని. అందుకే వార్డులో నా పేరు గాలివాన. అది మెచ్చుకోలనుకుని ముప్పై ఒక్క ఏళ్ళూ మురిసిపోయాను, నా మొహం.

తొందరలో ఒక్కోసారి మంచం చుట్టూ తెర కూడా లాగేదాన్ని కాదు. "ఎవరు చూస్తారు లెండి, ఈ వయసులో" అనేదాన్ని. లెక్కల టీచరుగా చేసిన ఒక పెద్దావిడ ఉండేది. దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుని వదిలేది కాదు. "కళ్ళు మూసుకోండమ్మా, అయిపోతుంది" అంటూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకునేది కాదు. తిన్నగా నా మొహంలోకే చూసేది. ఆ చూపంటే నాకు ఎంత చిరాకో.

రిటైరైన రోజున ఒట్టు పెట్టుకున్నాను. చచ్చేదాకా నా స్నానం నేనే చేసుకుంటాను, గడియ వేసుకుని. ఇంకొకరి చెయ్యి నా ఒంటి మీద పడడానికి వీల్లేదు. ఆ చేతులెలా ఉంటాయో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

అరవై తొమ్మిదో ఏట చెవిలో ఏదో చెడింది. వినపడడం బాగానే ఉంది. నిలబడడమే చెడింది. నడుస్తూ ఉంటే నేల ఉన్నట్టుండి ఎడమవైపుకి ఒరిగిపోయేది. మనిషిని నిటారుగా నిలబెట్టే సరంజామా లోపలి చెవిలో ఉంటుందట, నాది పాడైందట, మళ్ళీ బాగవదట. డాక్టరు ఈ మూడు ముక్కలూ ఒక్క గుక్కలో చెప్పి, వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపించాడు.

ఆ అమ్మాయి మంచిది. ఇంటికొచ్చి మరీ మా స్నానాల గది చూసింది. చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది. గుమ్మం దగ్గర జానెడు గట్టు, లోపల అద్దంలా మెరిసే నున్నటి టైల్సు, మూలన మినుకుమినుకుమనే బల్బు.

"కూర్చుని స్నానం చేయడానికి ఒక స్టూలు కావాలి అమ్మా. చేత్తో పట్టుకునే షవరు. కింద జారని రబ్బరు చాప. గోడకి రెండు స్టీలు రాడ్లు, ఒకటి గుమ్మం పక్కన, ఒకటి స్టూలు పక్కన. ఇప్పుడు మీ చెవి చేయాల్సిన పని మీ కళ్ళు చేస్తున్నాయి. కళ్ళు మూసుకుంటే పడిపోతారు. తలమీద సబ్బున్నప్పుడు తప్పక మూసుకోవాలంటే, ఒక చెయ్యి రాడ్డు మీదే ఉండాలి. ఇంకోటి, గడియ వేసుకోకండి."

"అదొక్కటి తప్ప ఇంకేమైనా చెప్పు తల్లీ" అన్నాను.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన టైల్స్ మేస్త్రి. టక్‌టక్ మేస్త్రి అంటే తెలియని ఇంటివాళ్ళు లేరు. వేసిన ప్రతి టైలు మీదా నాణెంతో తట్టి వినేవాడు. టక్కుమంటే గట్టి, డబ్బుమంటే బోలు. ఒక్క టైలు డబ్బుమన్నా పనివాళ్ళ చేత పీకించి మళ్ళీ వేయించేవాడు. "వెనక నిండా సిమెంటు లేకపోతే అది టైలు కాదురా, మూత" అని అరిచేవాడు. ఆయనకి అన్నం ఇచ్చి రావడానికి వెళ్ళి వెళ్ళి నాకూ ఆ చప్పుడు పట్టుబడింది. కళ్ళు మూసుకుని చెప్పగలను ఏది గట్టిదో, ఏది బోలో.

మా స్నానాల గది కూడా ఆయన చేతి పనే. ఇల్లు కట్టుకున్న కొత్తలో, ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన టైల్సన్నీ ఏరుకొచ్చి ఒక్క రోజులో వేసేశాడు. నీలం పక్కన ఆకుపచ్చ, ఆకుపచ్చ పక్కన గులాబీ. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అదంటే గర్వం.

రాడ్లు బిగించడానికి ఆ అమ్మాయి ఒక ఫిట్టర్ని పంపించింది. పొడుగాటి మనిషి, భుజాన డ్రిల్లు సంచి. అతను సంచి దించకుండానే వేలి కణుపుతో గోడ మీద తట్టాడు. కాస్త పైకి తట్టాడు. పక్కకి తట్టాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మేస్త్రిగారూ, మీకు చెప్పేంతవాణ్ణి కాను. ఈ గోడంతా బోలు. రాడ్డు నిలవదు. ఇవి పీకి, గోడ సాపు చేసి, మళ్ళీ వేసుకోవాలి" అన్నాడు.

మా ఆయన మొహం కందగడ్డయింది. నోరు మాత్రం పెగల్లేదు. ఆయన నోరు పెగలనప్పుడు నాది ఊరుకుంటుందా?

"ఏమయ్యా, ఎవరి పనికి వంక పెడుతున్నావో తెలుసా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆయన గోడలు తడుతున్నాడు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంటే ఇదే. నీ డ్రిల్లు నువ్వు తీసుకుని బయల్దేరు" అన్నాను.

అతను బయటికి నడిచాడు. వీధి తలుపు దగ్గర నా కోసం ఆగాడు. "అమ్మా, పట్టుకోబోయేది మీరు కదా. ఒక్కసారి మీరే తట్టి చూసుకోండి" అని మెల్లిగా చెప్పి వెళ్ళిపోయాడు.

నేను తట్టలేదు. నాణెం చీటికీ మాటికీ చేతికి తగిలేది. గోడ రోజూ ఎదురుగానే ఉండేది. ఒక్కసారి తడితే నాకు తెలిసిపోయేది. మొగుడి పనిని తట్టి చూసే పెళ్ళాన్ని కాదనుకున్నాను. ఆ పొగరు నాది. ఇందులో ఆయన్నొక్కణ్ణీ అనడానికి లేదు.

మర్నాడు ఆయనే డ్రిల్లు అడిగి తెచ్చి రాడ్లు పెట్టాడు. తలుపు మూసుకుని పెట్టాడు. బయటికొచ్చి నుదురు తుడుచుకుని, "ఏనుగు పట్టుకుని వేలాడినా ఊడవు" అన్నాడు.

"ఏనుగంటే నేనేనా?" అన్నాను.

రోజూ అయితే పగలబడి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. ఉక్కలో పని చేశాడు కదా, అలిసిపోయాడనుకున్నాను.

తర్వాత ఇరవై మూడు రోజులు నేను రాణీని. గడియ వేసుకునేదాన్ని. స్టూలు మీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళు మెడ మీద పోసుకుంటూ, గొంతెత్తి పాడుకునేదాన్ని. వీపు నేనే రుద్దుకునేదాన్ని, వేళ్ళ సందులు నేనే కడుక్కునేదాన్ని. ఎవరూ తొందరపెట్టేవాళ్ళు లేరు. ఒక్కోరోజు ముప్పావుగంట. మా ఆయన మాత్రం బయట తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "అయిందా? పట్టుకునే ఉన్నావా? గట్టిగా లాగకే" అని అడిగిందే అడిగేవాడు. ముసలాడికి ఇప్పుడు పుట్టుకొచ్చింది ప్రేమ అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

ఇరవై నాలుగో రోజు తల రుద్దుకుంటూ ఉంటే నురగ కళ్ళల్లోకి జారింది. కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే నేల ఎడమకి ఒరిగింది. ఆ అమ్మాయి చెప్పినట్టే రాడ్డు పట్టుకున్నాను. గట్టిగా, రెండు చేతులతో. అది నాతోపాటే వచ్చేసింది.

పడ్డాక మొదట చూసింది నా చేతిలో ఉన్న రాడ్డునే. ఇంకా పట్టుకునే ఉన్నాను. దాని స్క్రూలకి తెల్ల సిమెంటు పొడి అంటుకుని ఉంది, అంతే. గోడ మీద ఒక ఆకుపచ్చ టైలు రెండు ముక్కలై ఊడింది. దాని వెనక గోడకి ఐదు ముద్దల సిమెంటు ఎండిపోయి ఉంది, మూలకొకటి, నడుమ ఒకటి. మిగతాదంతా ఖాళీ. నడిమి ముద్ద మీద మూడు వేళ్ళ అచ్చులు పడి ఉన్నాయి. ఆ వేళ్ళు ఎవరివో నాకు తెలుసు. అప్పట్లో సన్నగా ఉండేవి.

బయట ఆయన తలుపు బాదుతున్నాడు. గడియ లోపల వేసి ఉంది. సుత్తి తెచ్చి తలుపు పగలగొట్టేదాకా నేను ఆ వేళ్ళ అచ్చులు చూస్తూ పడి ఉన్నాను. తుంటి విరిగిందని నాకు అప్పుడే తెలుసు. పాదం పక్కకి తిరిగిపోయి ఉంటే ఏమిటో ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను కదా.

ఆపరేషనయ్యాక, నా మంచం పక్కన కూర్చుని ఆయన చెప్పాడు.

"ఆ గది టైల్సు వేసినప్పుడు, మర్నాటి నుంచి పెద్ద పని ఒప్పుకున్నానే. ఒక్క రోజే ఉంది. ఐదేసి ముద్దలు పెట్టి అంటించేశాను. మనిల్లే కదా, ఎవరొచ్చి తడతారులే అనుకున్నా. ఆ ఫిట్టరు తట్టినప్పుడు నా తల తీసేసినట్టయింది. స్క్రూలు పూర్తిగా బిగిస్తే టైలు పగిలి గుట్టు బయటపడుతుందని సగమే బిగించి, సిమెంటు పూశాను. నువ్వు అంత బరువు వేయవులే అనుకున్నా."

తిడతానని తల వంచుకుని కూర్చున్నాడు. ఉప్పెక్కువైనా అరిచేదాన్ని నేను. ఆ రోజు ఒక్క మాటా అనలేదు. తిడితే ఆయనకి తేలికపడేది. అంత మంచితనం నాకు రాలేదు.

చెవి అలా, తుంటి ఇలా. ఇక నిలబడడం మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఇంటికి తెచ్చి కిటికీ పక్కన మంచం మీద పడేశారు.

అప్పుడు మొదలుపెట్టాడు మా ఆయన. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఉలీ సుత్తీ పట్టుకుని ఆ గదిలో టైల్సన్నీ ఒక్కటి వదలకుండా పీకాడు. గుమ్మం గట్టు కొట్టేశాడు. గోడ సాపు చేసి, అడుగు జారని గరుకు టైల్సు తెచ్చి, వెనక నిండా సిమెంటు పట్టించి వేశాడు. నాలుగు అంగుళాల స్క్రూలతో ఐదు రాడ్లు. గదంతా కనపడే లైటు. గోడకే మడిచే సీటు. రోజంతా మంచం మీద నుంచి ఆ చప్పుడు వినేదాన్ని. టక్. టక్. టక్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అందరూ మాటవరసకి అంటారు, నేను చెవులారా విన్నాను.

అంతా అయ్యాక నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దాకా తోశాడు. నా చేతిలో నాణెం పెట్టాడు. అందినంత మేర తట్టాను.

"గట్టిగానే ఉంది కదే?" అన్నాడు.

"గట్టిగానే ఉంది." తర్వాత కొత్త తలుపు చూశాను. "గడియ ఏదీ?"

"నీకింకెందుకే..." అని ఆగిపోయాడు. కుర్చీ వెనక ఉన్నాడు, మొహం కనపడలేదు. కుర్చీని మెల్లిగా మంచం వైపు తిప్పాడు.

మర్నాడు ఇత్తడి గడియ తెచ్చి బిగించాడు. ధగధగా మెరుస్తోంది. దాన్ని వేసేవాళ్ళు లేరు. ఆయన తలుపు తెరిచి పెట్టుకునే నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తాడు. ఐదు రాడ్ల మీదా ఆయన తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

నాకు రోజూ తొమ్మిదింటికి ఆయా వస్తుంది. చలాకీ పిల్ల. రెండు బేసిన్లు, నాలుగు గుడ్డలు. ఇవాళ గడియారం చూశాను, పదకొండు నిమిషాలు. నాకంటే ఒకటి తక్కువ.

మొదటి రోజు అడిగాను, "ఈ గది తలుపన్నా మూయమ్మా" అని.

"ఎవరు చూస్తారు లెండి పెద్దమ్మా, ఈ వయసులో" అంది, గుడ్డ పిండుతూ.

దుప్పటి నా గుప్పిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు. "కళ్ళు మూసుకోండి, అయిపోతుంది" అంటూ వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. పడుకునే ఉన్నాను, మూసుకున్నా పడిపోయేది ఏమీ లేదు. అయినా మూసుకోలేదు. తిన్నగా ఆ పిల్ల మొహంలోకే చూశాను. చిరాకుపడింది, దాచుకుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు విప్పింది.

చిటికెన వేలు నేనే వదిలేశాను.